పసుపు రంగు చెప్పని సంగతి

వేసవి సాయంత్రం చిక్కడపల్లిలో మామిడిపళ్ల బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. అశోక్‌నగర్ నుంచి వచ్చిన అమ్మగారైనా, నారాయణగూడ నుంచి సంచీతో వచ్చిన పెద్దాయనైనా ధరకన్నా ముందు అడిగేది ఒకటే: "కార్బైడ్ పెట్టలేదు గదా?"

"లేదమ్మా, గడ్డిల మాగవెట్టినయే" అంటాడు బండి అతను. అమ్మగారు పండును అటూ ఇటూ తిప్పి, రంగు చూసి సంచీలో వేసుకుంటారు. రంగును బట్టి తెలిసే సంగతేనా ఇది?

మామిడిని సాధారణంగా చెట్టుమీద పూర్తిగా పండనివ్వరు. ముదిరిన కాయను కోసి మాగబెడతారు. అప్పుడు కాయ తనలో తానే ఇథిలీన్ అనే వాయువును తయారుచేసుకుంటుంది. దాని ప్రభావంవల్ల తొక్కలోని పత్రహరితం తగ్గి పసుపు బయటపడుతుంది. గుజ్జులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. గడ్డిలో కప్పిపెట్టడమంటే ఆ వాయువు చెదిరిపోకుండా, కాయకు వెచ్చదనం తగ్గకుండా చూడడమన్నమాట. మీ అమ్మమ్మకు ఇథిలీన్ పేరు తెలియకపోవచ్చు, దాని పని మాత్రం బాగా తెలుసు!

కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది. గ్యాస్ వెల్డింగులో మండేది అదే. ఇథిలీన్‌కు ఇది దగ్గర చుట్టం; రెండింటి అణువుల్లోనూ రెండేసి కార్బన్ పరమాణువులు. అందుకే కాయ మోసపోయి మాగడం మొదలుపెడుతుంది. అసలు భయం వేరు. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. మన దేశంలో దానితో పళ్లు మాగబెట్టడం నిషేధం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనూ ఆ నిషేధం ఉంది. ఇథిలీన్ వాయువును మాత్రం మిలియనుకు 100 పాళ్ల వరకు వాడనిస్తారు.

చిక్కంతా ఇక్కడే. ఇథిలీన్ గదిలో మాగిన పండుకూ అంతటా ఒకే పసుపు వస్తుంది! కనుక రంగు చూసి కార్బైడ్ అని తేల్చలేం. నీళ్లలో తేలిందా, మునిగిందా అన్నదీ రుజువు కాదు. మలినాలను పట్టాలంటే ప్రయోగశాల కావలసిందే.

లోపల పండిందా లేదా అన్నది మాత్రం మీరే చూడవచ్చు. పండును టెంకదాకా కోసి, ఒక ముక్కమీద టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. నల్లని నీలం రంగు వస్తే, తొక్క ఎంత మెరిసినా, పిండిపదార్థం ఇంకా మిగిలే ఉంది. పోల్చడానికి పచ్చికాయ ముక్కమీదా ఒక చుక్క వేయండి. అయోడిన్ పడ్డ ముక్కలు తినకూడదు సుమా! (మా తరగతిలో అయోడిన్ సీసా తెచ్చేలోపే ముక్కలు మాయమయ్యాయి.)

1999లో మొదలైన రైతుబజార్లలో పండించినవారే ఎదురుగా ఉంటే ఇంకా మేలు. "ఎప్పుడు కోశారు? దేనితో మాగేశారు?" అని అడగండి. లేదా ముదిరిన కాయలే కొని తెచ్చుకోండి. నాలుగింటిని మూతపెట్టిన బుట్టలో, పక్కన బాగా మాగిన అరటిపండుతో ఉంచండి. మరో నాలుగింటిని అరటిపండు లేకుండా వేరే బుట్టలో పెట్టండి. ఏ బుట్టలోవి ముందు మెత్తబడ్డాయో తేదీలు వేసి నోటుపుస్తకంలో రాసుకోండి.