ఆటవేళ ఎవరి చేతిలో నున్నది?

ఒక ఆట ఏ రోజున, ఏ గంటకు మొదలు కావలెను? చూచుటకు ఇది చాల చిన్న ప్రశ్న. పంచాంగమును, గడియారమును ఎదుట పెట్టుకొని ఎవరైనను క్షణములో తేల్చగలరని తోచును. కాని ఇంగ్లండు దేశమున వృత్తి క్రీడాకారులు ఆడు ఫుట్‌బాల్ విషయమున ఈ చిన్న ప్రశ్న చుట్టును వందల కోట్ల పౌండ్ల వ్యాపారము, వేలకొలది కుటుంబముల వారాంతపు విశ్రాంతి, రైళ్ల రాకపోకలు, పనివారి సెలవులు అన్నియు అల్లుకొని యున్నవి. ఆ ఆటలను టెలివిజను తెరమీద మన తెలుగు ఇండ్లలో కూడ ఎందరో చూచుచున్నారు. తెర వెనుక ఆటవేళ ఎట్లు నిర్ణయమగుచున్నదో, ఆ నిర్ణయము మైదానమునకు స్వయముగా వెళ్లు అభిమానిని ఎట్లు తాకుచున్నదో విచారింతము.

ముందుగా పాత వేళ ఎట్లు పుట్టినదో చూతము. మన పల్లెలలో వీధినాటకము రాత్రి భోజనములైన తరువాతనే మొదలయ్యెడిది. పొలము పనులు ముగించుకొని, పశువులకు మేత వేసి, చుట్టుపట్ల గ్రామములవారు నడచి వచ్చుటకు అదియే అనువైన సమయము. అనగా వేళను నిర్ణయించినవాడు ఆడువాడు కాడు, చూడవచ్చువాడు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ వేళయు ఇట్లే ఏర్పడినది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము నేతమిల్లులలో స్త్రీలును, పిన్నవయస్సువారును శనివారమునాడు మధ్యాహ్నము 2 గంటల తరువాత పని చేయరాదని విధించెను. క్రమముగా ఆ సగము సెలవు ఇతర పనివారికిని లభించెను. రెండు గంటలకు మిల్లు వదలినవాడు మూడు గంటలకు మైదానము చేరగలడు. శీతకాలమున అక్కడ ప్రొద్దు త్వరగా క్రుంకును గనుక చీకటి పడకముందే ఆట ముగియవలెను. ఈ రెండు అవసరముల నడుమ శనివారము మధ్యాహ్నము 3 గంటల వేళ స్థిరపడినది. 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు ఏర్పడిన పిమ్మట ఆ వేళ తరతరముల ఆచారమాయెను.

రేడియో వచ్చి ఈ వేళను కదపలేదు. 1927 జనవరి 22న బి.బి.సి. లండనులోని హైబరీ మైదానము నుండి ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఆటను ప్రత్యక్ష వ్యాఖ్యానముతో ప్రసారము చేసెను. ఆ సంస్థ కార్యక్రమ పత్రికయైన రేడియో టైమ్స్, మైదానమును గళ్లుగా విభజించి అంకెలు వేసిన పటము నొకదానిని ప్రచురించెను. శ్రోతలు ఆ పటమును ఎదుట ఉంచుకొని, బంతి ఏ గడిలో నున్నదో వినుచు ఆటను మనస్సున చిత్రించుకొనగలిగిరి. ఆట తన వేళకు జరుగుచుండెను. రేడియో అక్కడికి వెళ్లి దానిని వినిపించుచుండెను.

ఆటకు సూర్యునితో గల ముడిని సడలించినది విద్యుద్దీపము. 1956 ఫిబ్రవరిలో పోర్ట్స్‌మత్‌లో దీపకాంతి నడుమ మొదటి లీగు ఆట జరిగెను. ఇక రాత్రివేళ కూడ ఆడవచ్చునని తేలినది. 1960 సెప్టెంబరు 10న బ్లాక్‌పూల్, బోల్టన్ జట్ల ఆటను సాయంకాలమునకు మార్చి ఐ.టి.వి. ప్రత్యక్షముగా చూపెను. కాని క్లబ్బులు జంకినవి. ఇంటిలో కూర్చుండి చూడగలిగినచో టిక్కెట్టు కొనువాడెవడు అని వారి భయము. ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయినది. మరల 1983లో గాని లీగు ఆటల ప్రత్యక్ష ప్రసారము క్రమముగా మొదలు కాలేదు. 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడి, స్కై అను చందా టెలివిజను సంస్థ రంగమున ప్రవేశించినది. ఆ యేడే సోమవారపు రాత్రి ఆటలు నియమముగా మొదలైనవి. ఐదేండ్ల ప్రసార హక్కుల విలువ 30 కోట్ల 40 లక్షల పౌండ్లని నాడు ప్రకటించగా జనులు ఆశ్చర్యపడిరి. 2025లో మొదలైన నాలుగేండ్ల ఒప్పందము విలువ 670 కోట్ల పౌండ్లు.

ఇప్పుడు అసలు కీలకమునకు వత్తము. బ్రిటనులో శనివారము మధ్యాహ్నము 2-45 నుండి 5-15 వరకు ఏ ఫుట్‌బాల్ ఆటను టెలివిజనులో ప్రత్యక్షముగా చూపరాదను కట్టుబాటు 1960వ దశకము నుండి కలదు. బర్న్‌లీ క్లబ్బు అధ్యక్షుడు బాబ్ లార్డ్ దీనికొరకు గట్టిగా వాదించినవాడు. పెద్ద జట్ల ఆట తెరమీద కనబడినచో చిన్న ఊళ్ల జట్ల ఆటకు ఎవరును రారనియు, ద్వారము వద్ద వసూలు పడిపోవుననియు ఆయన భావము. ఉద్దేశము మంచిదే. కాని ఫలితము వేరొక విధముగా పరిణమించినది. మూడు గంటల ఆటను చూపరాదు గనుక, చూపదలచిన ప్రతి ఆటను ఆ వేళనుండి తొలగించవలసినదే. శనివారము పగలు 12-30కి ఒకటి, సాయంకాలము 5-30కి ఒకటి, ఆదివారము కొన్ని, శుక్రవారము రాత్రి ఒకటి, సోమవారము రాత్రి ఒకటి, ఇట్లు ఆటలు చెల్లాచెదరైనవి. ఒక సంవత్సరమున ప్రీమియర్ లీగు ఆటలు మొత్తము 380. కొత్త ఒప్పందము ప్రకారము వానిలో కనీసము 267 ఆటలను ప్రత్యక్షముగా చూపవలెను. అనగా పదింట ఏడు. చిన్న క్లబ్బు ప్రేక్షకుని కాపాడుటకు కట్టిన గోడయే పెద్ద క్లబ్బు ప్రేక్షకుని వేళను స్థానభ్రంశము చేసినది. ఒకప్పుడు నియమముగా నున్న శనివారపు మూడు గంటల ఆట నేడు మిగిలిన ఆటలకు లభించు వేళయైనది.

ఈ మార్పు భారము ఎవరి మీద పడుచున్నది? స్వంత ఊరిలో ఆట చూచువాడు కొంతవరకు సర్దుకొనగలడు. తన జట్టు వెంట పరవూరికి పోవు అభిమానికే కష్టము ఎక్కువ. ఉదాహరణకు న్యూకాసిల్ నగరవాసి యొకడు లండనులో తన జట్టు ఆడు ఆటకు వెళ్లదలచెననుకొందము. రెండు నగరములకు రైలుమార్గమున దూరము సుమారు 430 కిలోమీటర్లు. సంవత్సరపు ఆటల పట్టిక జూను నెలలోనే వెలువడును. కాని అందలి తేదీలు, వేళలు తాత్కాలికములే. ఏయే ఆటలను చూపవలెనో టెలివిజను సంస్థలు నెలల వారీగా ఎంచుకొనును. సామాన్యముగా ఆటకు సుమారు ఆరువారముల ముందుగా గాని అసలు వేళ తెలియదు. బ్రిటనులో ముందుగా కొన్న రైలు టిక్కెట్టు చౌక. కాని అది ఆ ఒక్క రైలుకే చెల్లును, సొమ్ము తిరిగి రాదు. తొందరపడి కొన్నచో ఆట వేరొక రోజునకు మారవచ్చును. వేచియున్నచో ధర పెరుగును. ముందుకు పోయిన నుయ్యి, వెనుకకు పోయిన గొయ్యి అను సామెత ఇచ్చట సరిగా వర్తించును.

ఆ ఆటను సోమవారము రాత్రి 8 గంటలకు మార్చిరని తలంతము. ఆట ముగియుసరికి పది గంటలగును. మైదానము నుండి స్టేషను చేరుసరికి న్యూకాసిలుకు పోవలసిన చివరి రైలు వెళ్లిపోయి యుండును. ఇక రాత్రంతయు బస్సులోనో, కారులోనో ప్రయాణము చేసి తెల్లవారుజామున ఇల్లు చేరి పనికి పోవలెను. లేదా గది అద్దెకు తీసికొని, మరుసటి దినము సెలవు పెట్టవలెను. బడికి పోవు పిల్లలను వెంట తీసికొనిపోవు తండ్రికి ఆ మార్గమును లేదు. పరవూరి అభిమానుల టిక్కెట్టు 30 పౌండ్లకు మించరాదని ప్రీమియర్ లీగు క్లబ్బులు 2016లో నియమించుకొన్నవి. అది మెచ్చదగిన పని. కాని ఆటవేళ మార్పు వలన ప్రయాణమునకు, బసకు, పోయిన కూలికి అగు వ్యయము ఆ టిక్కెట్టు ధరను అనేక పర్యాయములు మించిపోవును.

ఆట పట్టికకును, రైలు పట్టికకును పొత్తు లేకపోయినచో ఏమగునో 2022 ఏప్రిలు 16న లోకమునకు తెలిసినది. నాడు లండనులోని వెంబ్లీ మైదానమున లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ జట్లకు ఎఫ్.ఎ. కప్పు సెమీఫైనలు. ఈస్టరు పండుగ దినములలో రైలుమార్గపు మరమ్మతుల కారణమున ఆ రెండు నగరముల నుండి లండనుకు నేరుగా రైళ్లు లేవు. కడకు ఫుట్‌బాల్ అసోసియేషను 100 ఉచిత బస్సులను ఏర్పాటు చేయవలసి వచ్చెను. మరుసటి యేడు క్రిస్మసు ముందటి దినమున, అనగా 2023 డిసెంబరు 24న, వుల్వర్‌హాంప్టన్‌లో చెల్సీ జట్టుతో ఆట పెట్టిరి. ప్రీమియర్ లీగులో ఆ తేదీన ఆట జరుగుట 1995 తరువాత అదియే మొదటిసారి. పండుగనాటి ముందు దినమున లండను నుండి సుమారు 200 కిలోమీటర్లు వెళ్లి రావలెనా అని అభిమాన సంఘములు అభ్యంతరము తెలిపినవి. ఆట మాత్రము జరిగినది.

న్యాయము కొరకు రెండవ పక్షమును వినవలెను. ప్రతి మార్పునకు టెలివిజనే కారణము కాదు. గురువారమునాడు ఐరోపా పోటీలో ఆడిన జట్టునకు విశ్రాంతి నీయవలెను గనుక దాని తరువాతి ఆట ఆదివారమునకు పోవును. చిరకాల ప్రత్యర్థుల ఆటను పగటివేళ పెట్టుమని పోలీసులు కోరుదురు. టెలివిజను ధనముతోనే క్లబ్బులు లోకములోని మేటి ఆటగాండ్రను రప్పించినవి. వృద్ధులు, రోగులు, టిక్కెట్టు దొరకనివారు, దూరదేశవాసులు ఆటను చూడగలుగుట సామాన్యమైన మేలు కాదు. మైదానములు నేటికిని నిండుగానే యున్నవి గదా, నష్టమెక్కడ అని అడుగువారును కలరు. సీజను టిక్కెట్టు సొమ్ము ముందుగనే ముట్టినది గనుక, వేళ మారినను క్లబ్బు పెట్టెకు లోటు కనబడదు. లోటు కనబడునది అభిమాని ఇంటి లెక్కలో. దూరమునకు ఓర్వలేనివాడు మెల్లగా తప్పుకొనును. అతని స్థానమును మరియొకరు పొందుదురు. తలల లెక్క మారదు, మనుష్యులు మారుదురు.

జర్మనీలో అభిమానులు ఈ మార్పును మౌనముగా భరింపలేదు. అక్కడి బుందెస్‌లీగలో 2017-18 సంవత్సరమున ఐదు సోమవారపు ఆటలను ప్రవేశపెట్టిరి. 2018 ఫిబ్రవరి 19న ఫ్రాంక్‌ఫర్టులో లైప్‌జిగ్ జట్టుతో ఆట జరుగుచుండగా ప్రేక్షకులు ఈలలు వేసి, టెన్నిసు బంతులు మైదానముపై విసరి నిరసన తెలిపిరి. మరు సోమవారము డార్ట్‌మండులో అభిమానులు మైదానమునకే రాలేదు. 81 వేలకు పైగా పట్టు ఆ స్టేడియమునకు నాడు వచ్చినవారు 54,300 మంది. ఖాళీ వరుసలు టెలివిజనులో దేశమంతటికి కనబడినవి. ఆ యేడు నవంబరులోనే లీగు నిర్వాహకులు 2021-22 నుండి సోమవారపు ఆటలు ఉండవని ప్రకటించిరి, అట్లే జరిపిరి. జర్మను క్లబ్బులలో సామాన్యముగా సభ్యులకే సగమునకు మించిన ఓట్లు ఉండుట వలన అభిమానుల మాటకు అచ్చట బలమెక్కువ. ఇంగ్లండులో అట్టి కట్టుబాటు లేదు.

ప్రేక్షకుడు లేని ఆట ఎట్లుండునో 2020లో లోకమంతయు చూచినది. మహమ్మారి కారణమున ఆగిన ప్రీమియర్ లీగు జూను 17న ఖాళీ మైదానములలో మరల మొదలైనది. మిగిలిన 92 ఆటలను కూడ ప్రత్యక్షముగా చూపిరి. ఆటగాండ్రు వారే, కెమెరాలు అవియే. కాని గోలు పడినప్పుడు నిశ్శబ్దము. టెలివిజను సంస్థలు వెనుకటి జనఘోషను ధ్వనిముద్రికల నుండి తెచ్చి కలిపి వినిపించినవి. ఆ కల్పిత ఘోషకన్న స్పష్టమైన సాక్ష్యము వేరొకటి అక్కరలేదు. టెలివిజను కొనునది ఇరువదియిద్దరి ఆటను మాత్రమే కాదు. ఆ వేలమంది కంఠమును కూడ. ఆ కంఠమునకు మూల్యము చెల్లించుచున్నవాడు, రాత్రి రైలు తప్పిపోయి బస్సుకొరకు నిలిచియున్నవాడే. అతనిని దూరము చేసికొనుట తాము కూర్చున్న కొమ్మను తామే నరకుకొనుట వంటిది.

ఈ విషయమున మన పాత్రయు కొంత కలదు. ఇంగ్లండులో మధ్యాహ్నము 3 గంటలనగా మన దేశమున శీతకాలమున రాత్రి 8-30, వేసవిలో 7-30. అక్కడివారు తమ ఇంట చూడరాని ఆ ఆటను మనము భోజనవేళ హాయిగా చూడగలుగుచున్నాము. అక్కడి పగటి 12-30 ఆట మనకు సాయంకాలపు వినోదము. విదేశ ప్రేక్షకుల వలన వచ్చు ఆదాయము నేడు ఆ లీగునకు మూలస్తంభములలో నొకటి. కావున వేళల లెక్కలో మన చూపునకును విలువ కట్టబడుచున్నది.

టెలివిజనును మానుకొనుమని ఎవరును కోరుటలేదు; అది సాధ్యమును కాదు. అభిమానులు కోరునవి మితమైనవి: వేళను మరికొంత ముందుగా తెలుపవలెను, దూరపు జట్టునకు రాత్రి ఆట పెట్టునప్పుడు తిరుగురైలు కలదా యని చూడవలెను, ఒకవేళ ఆలస్యముగా మార్చినచో ప్రయాణపు నష్టమును ఆ మార్పువలన లాభించినవారు భరింపవలెను, నిర్ణయము చేయు బల్లవద్ద ప్రేక్షకుని పక్షమున ఒకరు కూర్చుండవలెను. వందల కోట్ల ఒప్పందములో ఇవి మోయరాని బరువులు కావు. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి యగుట లోకసహజము. అయినను కొమ్ములు మొలచినవని చెవులను కోసికొను ప్రాణి యెచ్చటను లేదు.