మౌలాలి గుట్టల నడుమ వంతెన కట్టాలంటే

మౌలాలిలో ఎటు చూసినా రైలు పట్టాలు, లేకుంటే రాతి గుట్టలు. పట్టాలు ఊరిని రెండుగా చీల్చినందున ఇక్కడివారికి రోడ్డు వంతెనల అవసరం ఎప్పుడూ ఉన్నదే. అయితే అటువంటి వంతెనకు స్థలం ఎంచేటప్పుడు వాహనాల లెక్క ఒక్కటే చాలదు.

ఈ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకూ వానకూ ఉల్లి పొరల్లా పెచ్చులూడి, గుండ్లు ఒకదానిపై ఒకటి నిలిచాయి. పునాదుల కోసం మందుగుండు పేలిస్తే ఆ అదురుకు నిలిచిన గుండు కదిలే ప్రమాదం ఉంది. గుట్ట మీద కుతుబ్‌షాహీల కాలం నాటి దర్గా, గుట్ట కింద మహలఖా బాయి చందా 1792లో తల్లి కోసం కట్టించిన సమాధి, తోట ఉన్నాయి. వీటి సమీపంలో రాయిని యంత్రాలతో మెల్లగా కోయవలసిందే. ఖర్చు పెరుగుతుంది, నిజమే.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. బండ నీటిని పీల్చదు. వాన కురిసిన కొద్ది సేపటికే వరద పల్లానికి చేరుతుంది. వంతెన ఎక్కే దారికి రెండు వైపులా గోడలు కట్టి మట్టి నింపితే అది చెరువు కట్టలా నీటికి అడ్డం పడుతుంది. అప్పుడు మునిగేది పై వైపు కాలనీలే. 2020 అక్టోబరు వానలు చూసిన నగరానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. మట్టి కట్టకు బదులు మరికొన్ని స్తంభాలు వేస్తే నీటికి దారి దొరుకుతుంది.

ఇవన్నీ ముందుగా ఎవరు పరిశీలించాలి? 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ పట్టికలో జాతీయ రహదారుల పేరు ఉందిగాని నగరంలోని ఫ్లైఓవర్ పేరు విడిగా లేదు. మౌలాలి సమీపంలోని సెంటినల్ రాక్‌తో సహా కొన్ని శిలలకు హుడా వారసత్వ నిబంధనలో చోటు ఉండేది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. చెట్లు కొట్టడానికి మాత్రం 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

అదే వారసత్వ జాబితాలోని దుర్గం చెరువు గుట్టల మధ్య 184 కోట్ల రూపాయలతో కట్టిన తీగల వంతెన 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైంది. ప్రధాన స్పాన్ సుమారు 234 మీటర్లు కావడంతో చెరువు నడుమ స్తంభాల అవసరం తప్పింది. అంత ఖరీదైన వంతెన మౌలాలికి అక్కరలేదు. చెరువును చూసి స్పాన్ నిర్ణయించినట్టే, ఇక్కడ గుట్టను, నాలాను చూసి దారి నిర్ణయిస్తే చాలు.

వంతెన పూర్తయ్యాక కింద నాలుగు క్రోటన్ మొక్కలు నాటి, స్తంభాలకు రంగులు పూయడమే సుందరీకరణ అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఎండా వానా సోకని ఆ నీడలో మొక్క ట్యాంకరు నీళ్ల మీదే బతకాలి. వేప, కానుగ వంటివాటికి తగిన చోటు వంతెన పక్కనే. ఆ స్థలం మొదటి నక్షాలోనే కేటాయించాలి. టెండరు పిలిచాక అడిగితే దొరకదు.