సగటు వానను నమ్ముకున్న మంజీరా

మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ జిల్లాల మీదుగా వచ్చే మంజీరా నాగల్‌గిద్ద ప్రాంతంలో తెలంగాణలో అడుగుపెడుతుంది. 2016 ఏప్రిల్‌లో ఈ నది ఎగువనున్న లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు తెచ్చారు. దిగువన తెలంగాణలో ఇదే నదిపై ఉన్న సింగూరు జలాశయం అడుగంటింది. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో వరద ముంచెత్తి సింగూరు గేట్లు ఎత్తాల్సి వచ్చింది. అయిదారు నెలల్లో ఇంత తేడా ఎందుకొచ్చిందంటే ‘వానలు పడ్డాయి కాబట్టి’ అనడం సగం జవాబే. వాన ఎంత మారితే పారే నీరు అంతకన్నా ఎక్కువగా మారుతుంది. మన ప్రణాళికలు మాత్రం ఇప్పటికీ సగటును పట్టుకునే వేలాడుతున్నాయి.

నారాయణఖేడ్ వైపు నల్లరేగడి చేలను ఎండాకాలంలో చూస్తే చెయ్యి దూరేంత నెర్రెలుంటాయి. తొలకరి వాన ఆ నెర్రెల్లోకే పోతుంది, వాగుకు చుక్క చేరదు. నేల నానేకొద్దీ ఉబ్బి నెర్రెలు పూడుకుపోతాయి. ఆ తర్వాత పడిన వాన ఇంకే దారి దొరక్క వాగుపాలవుతుంది. అంటే మొదటి వాటా ఎప్పుడూ నేలది, మిగిలిందే నదిది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు ప్రాంతాల వానను, పారిన నీటిని పరిశీలించి స్ట్రేంజ్ అనే ఇంజినీరు 1892లో ఒక పట్టిక వేశాడు. దాని ప్రకారం నీరు బాగా పారే నేలలో వానాకాలమంతా కలిపి 40 అంగుళాలు కురిస్తే అందులో 37.5 శాతం, అంటే 15 అంగుళాలు పారుతుంది. 20 అంగుళాలే కురిస్తే పారేది 15 శాతం, అంటే 3 అంగుళాలు. వాన సగమైతే ప్రవాహం అయిదో వంతుకు పడిపోయిందన్నమాట! నూట ముప్ఫై ఏళ్ల కిందటి పట్టికే అయినా ఈ లెక్క తీరు మారలేదు. పైగా ఆ కొద్దిపాటి నీటినీ ముందు ఎగువ జలాశయాలు పట్టేసుకుంటాయి కనుక, కరువు దెబ్బ దిగువన ఇంకా గట్టిగా తగులుతుంది.

అలాగైతే ఎత్తిపోతలే దారి కదా అంటారు. సింగూరు నుంచి 8 టీఎంసీలు ఎత్తి 1.65 లక్షల ఎకరాలకు ఇస్తామంటూ బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన చేశారు. మెట్ట ప్రాంతానికి నీళ్లు కావాలన్న కోరిక న్యాయమైనదే. అయితే మోటారు నీటిని ఎత్తుతుందే గానీ పుట్టించదు. మంజీరాకు నీళ్లు రాని ఏడాది, సుమారు 30 టీఎంసీలు పట్టే సింగూరు ఖాళీగా ఉంటే, పైప్‌లైన్ కూడా ఖాళీయే. చెరువులు, చెక్‌డ్యాములు చాలవా అనేవాళ్లూ ఉన్నారు. వానల నడుమ ఇరవై రోజుల ఎడం వస్తే అవి కందిని, సోయాను కాపాడతాయి. వరుసగా రెండేళ్లు కరువొస్తే మాత్రం అవీ ఎండుతాయి. కింద ఉన్నది బసాల్టు రాయి కనుక బోర్లలోనూ పెద్దగా నిల్వ ఉండదు.

ఒక ఏడాది నీటిని మరో ఏడాదికి దాటించగలిగేది పెద్ద జలాశయమే. ఆవిరి నష్టం తప్పకపోయినా, నిండిన ఏడాదే ఖాళీ చేసేయడం కన్నా అది నయం. ఇక్కడే ప్రభుత్వం ఖరారు చేయాల్సిన పని ఒకటుంది: అక్టోబరు చివరి నిల్వను బట్టి తాగునీటికి, వచ్చే ఏటికి ఎంత ఆపాలో, యాసంగికి ఎన్ని ఎకరాలకు ఇవ్వాలో ముందే నియమం రాసి, విత్తనాలు కొనకముందే ఊరూరా చాటించాలి. సింగూరు నిండిన ఏడాదైనా ఆ నియమాన్ని పక్కన పెట్టకూడదు.