పొరుగు బళ్ళారి చూపిన దారి

మద్దికెర: గుంతకల్లు దాటితే బళ్ళారి. ఆ పేరు చెప్పగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి ఇనుప గనులు, జీన్సు ప్యాంట్లు. మతి చలించినవారి వైద్యంలో దేశానికి దారి చూపిందీ ఆ జిల్లాయేనన్న సంగతి చాలామందికి తెలియదు.

1980 దశకంలో బెంగుళూరు నిమ్హాన్స్ డాక్టర్లు అక్కడ పిచ్చాసుపత్రి కట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. నిద్రపోక తనలో తాను మాట్లాడుకునే మనిషికి గాలి సోకిందని తాయెత్తు కట్టించడం మన పల్లెల్లో నేటికీ ఉన్నదే. అలాంటివారికి, మూర్ఛరోగులకు అక్కడ ఊరి దగ్గరే మాత్రలు అందాయి. 1996లో కేంద్రం చేపట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఇదే నమూనా. మొదటి నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి.

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు నెల్సన్ మండేలా పురస్కారం ఇచ్చింది. అందులో బళ్ళారి పల్లెలు తిరిగిన కార్యకర్తలకూ వాటా ఉందనే చెప్పాలి.

తాగుడు మానబోయినవాడు రెండు రోజులకే చేతులు వణికి, కలవరించి, మళ్ళీ సీసా పడతాడు. అది మొండితనం కాదు, మందుతో తగ్గే జబ్బు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే, రాత్రయినా పగలయినా, ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. తాగేవాడే చేయనక్కరలేదు, ఇంటి ఆడవాళ్ళు చేసినా చాలు.