ఆంగ్లరచనాబోధనము - పదసాహచర్యము

ఆంగ్లరచనమున మన విద్యార్థులు చేయు తప్పులను వ్యాకరణదోషములనియు, వర్ణక్రమదోషములనియు విభజించుట పరిపాటి. ఈ రెంటను చేరని మూడవ తెగ యొకటి కలదు. విద్యార్థి ‘డూ ఎ మిస్టేక్’ అని వ్రాసినచో అందు వ్యాకరణలోపము లేదు, వర్ణక్రమము నిర్దుష్టము. అయినను ఆంగ్లేయుడు ‘మేక్ ఎ మిస్టేక్’ అనియే వ్రాయును. కారణమడిగిన విద్యార్థికి చూపదగిన సూత్రము లేదు. ఆ నామమునకు ఆ క్రియయే తోడు. దీనిని పదసాహచర్యమనవచ్చును.

సాహచర్యమను మాట మనకు క్రొత్తది కాదు. అర్థనిర్ణయహేతువులలో నొకటిగా భర్తృహరి వాక్యపదీయమున దీనిని పేర్కొనెను. ఇచట ఆ మాటను ప్రయోగనియమమునకు వాడుచున్నాము. ఆంగ్లబోధకుడైన హెరాల్డ్ పామర్ 1933లో టోక్యోనుండి ఇట్టి పదబంధములపై నివేదికను ప్రకటించెను. పదముయొక్క అర్థమున కొంత దాని సహచరపదములవలన ఏర్పడునని జె. ఆర్. ఫర్త్ 1951లో ప్రతిపాదించెను.

తెలుగు విద్యార్థికి చిక్కు ఎచట పుట్టుచున్నది? మన ‘చేయు’ ధాతువు మిక్కిలి ఉదారమైనది. పని చేయుదుము, తప్పు చేయుదుము, స్నానము, నేరము, యుద్ధము - అన్నియు చేయుదుము. ఆంగ్లమున ఈ యైదింటికి వరుసగా డూ, మేక్, టేక్, కమిట్, వేజ్ అను క్రియలు వలయును. విశేషణములును ఇట్టివే. మన చిక్కని టీ అచట ‘స్ట్రాంగ్’. మన పెద్ద వాన అచట ‘హెవీ’. తెలుగు నేర్చు ఆంగ్లేయుడు తన భాషననుసరించి ‘నాకొక కల ఉండెను’ అన్నచో, ‘కల కంటిని’ అనవలెనని మనము దిద్దమా? రెండును ఒకే జాతి తప్పులు.

కావున బోధనక్రమము కొంత మారవలెను. వ్రాయువానికి ముందు తోచునది నామము. క్రియకై అతడు పిమ్మట తడవుకొనును. అందుచేత ‘డెసిషన్’ అనగా నిర్ణయమని వ్రాయించి విడువక, ‘మేక్’, ‘రీచ్’ అను క్రియలతోను, ‘ఫైనల్’ అను విశేషణముతోను కూర్చి వ్రాయించవలెను. పాఠము చదివించునపుడు ఇట్టి జంటలను గుర్తింపజేసి, పుస్తకము మూయించి, ఆ జంటల యాధారమున విషయమును తిరిగి వ్రాయించుట మేలు. వ్యాసములు దిద్దునపుడు తప్పు క్రియను కొట్టివేసి ఒప్పును తామే వ్రాయుటకంటె, నామము క్రింద గీత గీసి, దాని తోడును విద్యార్థిచేతనే వెదకించుట ఫలవంతము.

అన్ని కలయికలను నేర్పనక్కరలేదు. ‘బై’ అను క్రియ పుస్తకముతోను, బియ్యముతోను సమానముగా కలియును. ఉభయభాషలు విడిపోవు చోటనే శ్రమ అవసరము. 1986లో వెలువడిన బి. బి. ఐ. నిఘంటువు, 2002 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆంగ్లపదముల సహచరులను చూపును. కాని తెలుగువాడు ఎచట తొట్రుపడునో చెప్పవు. అది చెప్పుటకు మన ధాతువుల ప్రయోగవిస్తృతి తెలియవలెను. ‘చేయు’, ‘వేయు’, ‘పెట్టు’, ‘పట్టు’ వంటి ధాతువులకు ఆంగ్లసహచరుల పట్టికలు కూర్చుట ఆంగ్లోపాధ్యాయులకెంత అవసరమో, తెలుగు పరిశోధకులకంత యోగ్యమైన విషయము.