4.3 కృత్యాధార బోధన: రాత నైపుణ్యం, ప్రేరణ

నిర్మాణ పద్ధతిలో వాక్య నమూనాలను ఒక క్రమంలో నేర్పి, అభ్యాసం చేయిస్తారు. అలా నేర్చుకున్న విద్యార్థి ఖాళీలు సరిగానే పూరిస్తాడు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం గైడు వెతుక్కుంటాడు. మీ తరగతిలోనూ ఇది గమనించే ఉంటారు. దీనికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. ఎవరికి, ఎందుకు రాస్తున్నాడో అతనికి తెలియదు.

ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో 1979-84 మధ్య దక్షిణ భారతదేశంలోని కొన్ని పాఠశాలల్లో జరిగిన ఇంగ్లీషు బోధన ప్రయోగాన్ని 'బెంగుళూరు ప్రాజెక్టు' అంటారు. విద్యార్థి ధ్యాస అర్థం మీద నిలిచినప్పుడే భాష పట్టుబడుతుందని ప్రభు భావించారు. ఆయన కృత్యాలను మూడు రకాలుగా విభజించారు.

1. సమాచార అంతరం: ఒకరికి తెలిసిన విషయాన్ని తెలియనివారికి అందించడం.
2. తార్కిక అంతరం: ఉన్న సమాచారం నుంచి కొత్త విషయాన్ని రాబట్టడం. ఉదా: రైళ్ల వేళల పట్టిక చూసి, అనువైన రైలును నిర్ణయించడం.
3. అభిప్రాయ అంతరం: సొంత అభిప్రాయాన్ని, అనుభూతిని తెలపడం.

ఈ సూత్రాన్ని రాతకు ఎలా అన్వయించాలో చూద్దాం. 'సెలవు కోరుతూ లేఖ రాయండి' అంటే అందరూ ఒకే లేఖ రాస్తారు. దానికి బదులు, వీధి దీపాలు వెలగడం లేదని పంచాయతీ కార్యదర్శికి లేఖ రాయాలని చెప్పండి. జేన్ విల్లిస్ 1996లో సూచించిన మూడు దశలను ఇక్కడ పాటించవచ్చు.

కృత్య పూర్వ దశలో సమస్యను చర్చించి, అవసరమైన మాటలను నల్లబల్లపై రాయండి. కృత్య దశలో నలుగురేసి జట్లుగా ఏ వీధిలో ఎన్ని దీపాలు వెలగడం లేదో, ఎవరికి ఇబ్బందో రాసుకుని, లేఖ తయారుచేసి తరగతికి చదివి వినిపిస్తారు. వెనుకబడిన విద్యార్థులు చర్చలో మాతృభాష వాడితే ఆపకండి. లేఖ మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. చివరిది భాషా పరిశీలన దశ. ఎక్కువమంది చేసిన రెండు మూడు దోషాలను, పేర్లు చెప్పకుండా, అందరితో సరిచేయించండి.

గమనిక: రాస్తుండగానే ఎర్రసిరాతో దిద్దితే విద్యార్థి తనకు వచ్చిన మాటలే రాసి ఊరుకుంటాడు. అలాగని దోషాలను వదిలేస్తే అవే స్థిరపడతాయి. దిద్దాలి, కాని భావం పూర్తయ్యాక. తన లేఖను నిజంగా పంపుతారని తెలిసిన విద్యార్థి, అడగకుండానే దాన్ని తిరగరాస్తాడు. ప్రేరణ అంటే ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. తార్కిక అంతర కృత్యానికి మీ సొంత ఉదాహరణ ఇవ్వండి.
2. మీ పాఠ్యపుస్తకంలోని ఒక రాత అభ్యాసాన్ని కృత్యంగా మార్చండి. అది ఎవరికోసం, ఎందుకోసం రాసేదో స్పష్టం చేయండి.