అంజనంలో పాపకి ఏం కనిపించింది?

పాపకి తొమ్మిదేళ్ళు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తోంది. ఒంటరిగా పెరట్లోకి వెళ్ళడం లేదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మూడు వారాలుగా మళ్ళీ మొదలుపెట్టింది. నులిపురుగులకి మందు వేశారు, తాయెత్తు కట్టించారు. తల్లి ఇవన్నీ చెప్పింది గాని అసలు సంగతి చెప్పలేదు. మూత్రపరీక్షలో దోషమేమీ లేదు, చక్కెరా లేదు. తల్లిని కాసేపు బయట కూర్చోమని, "ఏమ్మా, దేనికి భయం?" అని అడిగాను. పాప చాలాసేపు గౌను అంచు నలుపుతూ కూర్చుని, చివరికి అంది:

"నేను అబద్ధం చెప్పాను డాక్టరుగారూ. నాకేమీ కనపడలేదు."

జరిగిందేమిటంటే, ఇంట్లో గొలుసు పోయింది. ఎవరో చెబితే అంజనం వేయించారు. పాప పనిమనిషి పేరు చెప్పింది. ఆవిణ్ణి మాన్పించారు. పది రోజులకి గొలుసు బియ్యం డబ్బాలో దొరికింది. పెద్దవాళ్ళు "పోనీలే, దొరికింది కదా" అనుకున్నారు. పాప మాత్రం అలా అనుకోలేకపోయింది.

అంజనం అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దీపపు మసిని ఆముదంతోనో నేతితోనో నూరి, నల్లగా నిగనిగలాడే ఆ ముద్దని తమలపాకు మీదో, బొటనవేలి గోటి మీదో రాస్తారు. పక్కన దీపం పెట్టి, చిన్నపిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టి, రెప్ప వేయకుండా చూడమంటారు. చాలాచోట్ల ముందుగా ఆంజనేయస్వామి వచ్చాడా అని అడుగుతారు. వచ్చాడంటే ఇక ప్రశ్నలు మొదలు. పోయిన నగ ఎక్కడుంది? ఊరు విడిచి వెళ్ళినవాడు ఎక్కడున్నాడు? అబ్బాయి మనసులో ఎవరున్నారు? మా ఆయన సాయంత్రాలు ఎవరింటికి వెళ్తున్నాడు?

పిల్లలు చెప్పేదంతా కల్పన అనడానికి వీల్లేదు. నిజంగానే ఏదో కనిపించవచ్చు. నూనెతో మెరిసే నల్లని మచ్చ చిన్న అద్దం లాంటిది. దీపం కదిలినప్పుడల్లా అందులో వెలుగు కదులుతుంది, చుట్టూ వంగి చూస్తున్న వారి నీడలూ పడతాయి. పైగా ఒకేచోట చూపు నిలిపితే చుట్టుపక్కల ఉన్నవి మెల్లగా చెరిగిపోతాయని ట్రోక్స్లర్ అనే వైద్యుడు 1804లోనే గమనించాడు. ఆ చెరిగిన చోటుని మెదడు ఖాళీగా ఉంచదు, తనకి తోచిన దానితో నింపుతుంది. ఇటలీలో కాపుటో అనే శాస్త్రజ్ఞుడు 50 మందిని మసక వెలుతురులో పది నిమిషాలు అద్దం ముందు కూర్చోబెట్టి, 2010లో ఆ ఫలితాలు ప్రకటించాడు. మూడింట రెండు వంతుల మందికి తమ ముఖమే వికారంగా మారినట్టు కనిపించింది. కొందరికి ముక్కూముఖం తెలియని మనుషులు కూడా కనపడ్డారు. వాళ్ళంతా మతి సరిగా ఉన్నవాళ్ళే సుమా!

అంటే ఏదో ఒక ఆకారం కనపడటం కంటి ధర్మం, మెదడు ధర్మం. ఆ ఆకారానికి పేరు పెట్టడం దగ్గరే చిక్కంతా.

ఇది మన ఒక్కరి ఆచారమే అనుకోకండి. రష్యాలో క్రిస్మస్ పండుగ రోజుల్లో పెళ్ళికాని పిల్లలు కొవ్వొత్తులు వెలిగించి, అద్దాల మధ్య కూర్చుని కాబోయే వరుడి కోసం చూసేవారు. టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' నవలలో ఈ ఘట్టం ఉంది. నటాషాకి ఏమీ కనపడదు. తర్వాత సోన్యా కూర్చుంటుంది, ఆమెకీ ఏమీ కనపడదు. కాని కూర్చుని కూర్చుని విసిగి, కళ్ళు మూసుకున్న క్షణంలో నటాషా "కనపడిందా?" అని ఆత్రంగా అడిగేసరికి, ఆమెని నిరాశపరచలేక, ఆండ్రూ పడుకుని ఉండగా చూశానని చెప్పేస్తుంది. చాలాకాలానికి ఆండ్రూ నిజంగా గాయపడి మంచాన పడినప్పుడు, తాను అప్పుడు నిజంగానే చూశానని సోన్యాయే నమ్మేస్తుంది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు తర్వాత చెప్పినదంతా ఆ రెండు ఘట్టాల్లో ఉంది.

సోన్యా పెళ్ళీడు పిల్ల. మన పాప తొమ్మిదేళ్ళది. చుట్టూ అమ్మ, నాన్న, మామ్మ, ఆ అంజనం వేసేవాడు. "బాగా చూడు. ఆడా, మగా? చీర ఏ రంగు? మనింటికి వచ్చే మనిషేనా?" అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగితే, మొదట చెప్పిన జవాబు తప్పేమోనని పిల్లలు మారుస్తారు. పెద్దవాళ్ళ ముఖం ఏ మాటకి వికసిస్తుందో ఆ మాటే చెబుతారు. ఆ ఇంట్లో అనుమానం అప్పటికే ఎవరి మీద ఉందో పాపకి తెలుసు. పెద్దల అనుమానమే పాప నోట బయటికి వచ్చింది.

దేవుడి ముందు దీపం పెట్టుకోండి, మొక్కున్నవారు కొవ్వొత్తి వెలిగించుకోండి, నాకు అభ్యంతరం లేదు. కలత పడ్డ మనసుకి ఆ నాలుగు నిమిషాల నిశ్శబ్దం మంచిదే. పిల్లల్ని మాత్రం సాక్షులుగా కూర్చోబెట్టకండి. మసిముద్దని కంట్లో పెట్టనివ్వకండి.

ఇంకొకటి. మొగుడి మనసు తిరగడానికని అంజనం దగ్గరికి వెళ్ళిన ఇల్లాలి చేతికి ఒక్కోసారి పొట్లం కూడా వస్తుంది, అన్నంలో కలిపి పెట్టమని. అందులో ఏముందో ఇచ్చినవాడికే ఎరుక. ఉమ్మెత్త గింజలైతే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఒళ్ళు కాలిపోతుంది, మనిషి సంధి మాటలు మాట్లాడతాడు. ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటప్పుడు ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయవద్దు, అది మరో ప్రమాదం. మిగిలిన పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సిగ్గుపడి దాచకండి.

పాపకి నేను మందేమీ రాయలేదు. "చూడమ్మా, పాపని వెంటబెట్టుకుని ఆ పనిమనిషి ఇంటికి వెళ్ళండి. తప్పు మాదే, పిల్లది కాదు అని పాప వినేలా చెప్పండి" అన్నాను. తల్లికి ముఖం మాడింది. పనిమనిషి గడప తొక్కడమా అన్నట్టు చూసింది. రెండు వారాలకి గాని వెళ్ళలేదు. ఆవిడ తిరిగి పనిలోకి రానందట, పాపకి మాత్రం జామకాయ చేతిలో పెట్టి పంపిందట. ఆ తర్వాత పక్క తడపడం తగ్గుతూ వచ్చి, నెల తిరిగేసరికి ఆగింది.

మీ ఇంట్లోనూ బడి ఈడు పిల్లలు ఇలా మళ్ళీ పక్క తడుపుతుంటే, కారణం మీరే తీర్మానించకుండా ముందు మూత్రపరీక్ష, చక్కెర పరీక్ష చేయించండి. తిట్టవద్దు, నలుగురిలో చెప్పవద్దు. పరీక్షల్లో ఏమీ లేకపోతే, ఇంట్లో ఈమధ్య ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. దగ్గరలో మానసిక వైద్యులు లేనివారు 14416 నంబరుకి ఫోన్ చేయవచ్చు. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.